చెయ్యి ఆపుకోవడం

కొరియా వంట నేర్చుకుంటామంటూ నా దగ్గరకు వచ్చే పిల్లలు ఈ మధ్య ఎక్కువయ్యారు. కొందరిని సీరియళ్ళు పంపిస్తున్నాయి, కొందరిని పెనుకొండ పంపిస్తోంది. 2019లో అక్కడ కియా కార్ల తయారీ మొదలయ్యాక ఆ చుట్టుపక్కల కొరియా భోజనశాలలకు, గెస్ట్‌హౌస్‌లకు వంటవాళ్ళు కావలసివచ్చారు. నేనూ కార్ల వెనకే కొరియా చేరినవాణ్ణి. కృష్ణా జిల్లాలో పెళ్ళి వంటలు చేసే ఇంట్లో పుట్టాను. మద్రాసు హోటళ్ళలో పనిచేస్తూ ఉండగా శ్రీపెరుంబుదూరు దగ్గర హ్యుందాయ్ ఫ్యాక్టరీ వచ్చింది, ఆ ఇంజినీర్ల గెస్ట్‌హౌస్ వంటింట్లో కుదిరాను. ఆ తర్వాత నడివయసులో సియోల్ వెళ్ళి వంటబడిలో చేరాను. తరగతిలో నాకంటే పెద్దవారు మా గురువుగారొక్కరే. ఇప్పుడు మోకాళ్ళు ఎక్కువసేపు నిలబడనివ్వవు కనుక కూర్చుని చెబుతున్నాను.

1. చేతికి తెలుసన్న ధీమాను గుమ్మం బయటే వదలండి.

మా నాన్న పెళ్ళిళ్ళలో గుండిగల కొద్దీ పులిహోర కలిపేటప్పుడు ఉప్పు పిడికిలితో వేసేవాడు. ఎప్పుడూ తగ్గలేదు, ఎక్కువ కాలేదు. ఆ గర్వం ఆస్తిలాగా నాకూ వచ్చింది. సియోల్‌లో మొదటిరోజు నా బల్ల మీద పెట్టినవి ఒక ముల్లంగి, ఒక కత్తి, ఒక స్కేలు. స్కేలు చూసి నవ్వాను. కత్తిపీట మీద కూరగాయల బస్తాలు ఖాళీ చేసినవాడికి స్కేలు ఎందుకు?

కొరియాలో వంటవాడిగా ప్రభుత్వ గుర్తింపు కావాలంటే ఒక పరీక్ష ఉంది. ప్రయోగ పరీక్షకు ఇప్పటి లెక్కలో 33 వంటకాల జాబితా ఇస్తారు. ఆ రోజు అందులోంచి రెండు పడతాయి, అవేమిటో ముందుగా తెలియదు. డెబ్బై నిమిషాలు అటూ ఇటూగా సమయం. వందకు అరవై వస్తే గట్టెక్కినట్టే. ముల్లంగి సలాడు పడితే ముక్క పొడవు 6 సెంటీమీటర్లు, మందం 0.2 సెంటీమీటర్లు ఉండాలి. కోడిగుడ్డు తెల్లసొన, పచ్చసొన వేరుచేసి రెండు పలుచటి అట్లు పోస్తారు, వాటిని జిదాన్ అంటారు. వంటకం మీద అలంకారంగా తరిగి వేసేది అదే. అట్టు మీద గోధుమరంగు మచ్చ ఒక్కటి కనిపించినా మార్కులు పోతాయి. నా అట్లన్నీ మచ్చలే. మనకు దోసె ఎర్రగా కాలితే గొప్ప, వాళ్ళకు ఆ అట్టు కాలినట్టు తెలియకూడదు. మొదటిసారి పరీక్ష తప్పింది ఆ అట్టు వల్లనే.

స్కేలు దేనికో జాప్‌చే చేసేటప్పుడు అర్థమైంది. చిలగడదుంప పిండితో చేసిన సేమ్యా లాంటి దానిలో కారెట్టు, ఉల్లిపాయ, పుట్టగొడుగు, పాలకూర కలుపుతారు. కానీ దేనికదే విడిగా వేయించాలి. ముక్కలు సమంగా లేకపోతే సన్నవి వాడిపోతాయి, లావువి పచ్చిగా ఉండిపోతాయి. నోట్లో వేసుకుంటే ఏ కూర రుచి ఆ కూరదిగా తెలియాలి, అన్నీ కలిసి ఒకటైపోకూడదు. మన కలగూర పద్ధతికి ఇది పూర్తిగా ఎదురు. మా గురువుగారు నా ముల్లంగి ముక్కను స్కేలు పక్కన పెట్టి, ఏమీ అనకుండా ఇంకో ముల్లంగి చేతికిచ్చేవారు. తిడితే బాగుండుననిపించేది.

2. అన్నం రానివాడికి ఏ వంటా రాదు.

ఇది మనవాళ్ళు తొందరగా పట్టుకుంటారు, ఎందుకంటే మనదీ అన్నం చుట్టూ తిరిగే విస్తరే. వాళ్ళ సంప్రదాయ భోజనంలో పక్కన పెట్టే వంటకాలను మూడు, అయిదు, ఏడు, తొమ్మిది అని లెక్కపెడతారు. రాజుగారికైతే పన్నెండు. అన్నం, చారులాంటి గుక్, ఊరబెట్టిన కూర కిమ్చి, నంజుకునే సాస్‌లు ఆ లెక్కలోకి రావు. అవి ఎలాగూ ఉండవలసినవే. పొట్టి బియ్యాన్ని అరగంట నానబెడతారు, ఉప్పు వెయ్యరు, గంజి వార్చరు. మంట ఆర్పాక మూత తియ్యకుండా ఆవిరిలోనే మగ్గనిస్తారు. నాకు మధ్యలో మూత తీసి గింజ నొక్కి చూడటం అలవాటు. సోయా మొలకలు ఉడికించేటప్పుడూ అదే పని చేశాను. వాటికి మూత పెడితే చివరిదాకా పెట్టే ఉంచాలి, తీస్తే మొదటినుంచీ తీసే ఉంచాలి. మధ్యలో తీస్తే పచ్చి చిక్కుడు వాసన పట్టుకుంటుంది. ఆ రోజు క్లాసంతా నా మొలకల వాసనే.

3. తాలింపు పెట్టాలనే కోరికను అణచుకోండి.

పాలకూరను వేడినీళ్ళలో ముంచి తీస్తారు. చన్నీళ్ళలో కడిగి, గట్టిగా పిండి, సూపులకు వాడే సోయా సాసు కొంచెం, వెల్లుల్లి కొంచెం, నువ్వులు, చివరగా నువ్వుల నూనె వేసి వేళ్ళతో కలుపుతారు. అంతే, నముల్ అయిపోయింది. నాకది సగం వంటలా కనిపించింది. ఆవాలు చిటపటలాడలేదు, ఎండుమిర్చి వేగలేదు, దీన్ని కూర అనడమేమిటి? ఒకరోజు ఎవరూ చూడకుండా నువ్వుల నూనె పెనంలో పోసి కాచాను. వాళ్ళ నువ్వుల నూనె మన పప్పునూనె లాంటిది కాదు. నువ్వుల్ని బాగా వేయించి తీసిన నూనె అది, సువాసన కోసం చివర్లో చుక్కలుగా వేసేది. వేడికి ఆ సువాసన పోయి చేదు మిగిలింది.

అంతటితో బుద్ధి రాలేదు. దెన్‌జాంగ్ అనే సోయా ముద్దతో కాచే పులుసుంది. నేను పెట్టెలో దాచుకుపోయిన ఇంగువ చిటికెడు అందులో వేశాను. గురువుగారు ఒక చెంచా రుచి చూసి, చెంచా పక్కన పెట్టి, కాసేపు ఆలోచించి, ఇది బౌద్ధ ఆలయాల్లో నిషేధం అన్నారు. నేను తెల్లబోయాను. తర్వాత తెలిసింది. కొరియా బౌద్ధ భిక్షువులు వెల్లుల్లి, ఉల్లికాడ, చైవ్‌లు, అడవి వెల్లుల్లి, ఇంగువ ఈ అయిదూ తినరు. ఇంగువ కొరియాలో పండదు. మనదేశం నుంచి చైనా మీదుగా వెళ్ళిన బౌద్ధ నియమాలతో పాటు నిషేధం మాత్రం అక్కడికి చేరింది, సరుకు చేరలేదు. మా గురువుగారు చదువుకున్న నిషేధానికి వాసన చూపించినవాణ్ణి బహుశా నేనే.

ఆ ఆలయ వంటలు తిన్నాకే నముల్ మీద నా అభిప్రాయం మారింది. వెల్లుల్లి కూడా లేని ఆకుకూరలో ఆకు రుచి అంత స్పష్టంగా నాకెప్పుడూ తెలియలేదు. మా ఇంట్లో తాలింపు కింద ఎన్ని ఆకుల రుచులు తెలియకుండానే పోయాయో!

4. కారం మనదే అనుకోవడం ప్రమాదం.

గెస్ట్‌హౌస్‌లో ఉన్న రోజుల్లో, సియోల్ వెళ్ళక ముందు, కొరియావాళ్ళు కారం తింటారని విని గుంటూరు మిరప్పొడితో కిమ్చి కలిపాను. ఇంజినీర్లు మర్యాదకు తిన్నారు, నీళ్ళు తాగారు, మళ్ళీ అడగలేదు. వాళ్ళ మిరప్పొడి గోచుగారు ఎర్రగా నిగనిగలాడుతుంది, కొంచెం తియ్యగా ఉంటుంది. గింజలు చాలావరకు తీసేస్తారు. కిమ్చికి బరకగా, గోచుజాంగ్ అనే మిరప ముద్దకు మెత్తగా రెండు రకాలు వాడతారు. ఎండలో ఆరినదానికి ధర ఎక్కువ. మిరప అక్కడ పనిచేసేది రంగుకు, తీపికి, తర్వాతే మంటకు. ఇక్కడ దొరకనప్పుడు బ్యాడిగి మిరపకాయల గింజలు దులిపి బరకగా ఆడించి వాడండి. తేజ రకం జోలికి పోవద్దు.

ఇంకో సంగతి. మిరప మనకు పోర్చుగీసువాళ్ళతో వచ్చినట్టే, వాళ్ళకూ బయటినుంచే వచ్చింది. 16వ శతాబ్దం చివర్లో అని ఎక్కువమంది చరిత్రకారులు చెబుతారు. 1670 ప్రాంతంలో జాంగ్ గ్యే-హ్యాంగ్ అనే గృహిణి కొరియా లిపిలో రాసిన వంటల పుస్తకం ఒకటుంది. అందులో మిరప ఎక్కడా లేదు, ఘాటుకు మిరియాలు, ఇంకో రకం అడవి మిరియాలు ఉన్నాయి. ఇవాళ్టికీ మిరప లేని తెల్ల కిమ్చి, ముల్లంగితో చేసే నీళ్ళ కిమ్చి ఇష్టంగా తింటారు. ఎరుపు లేకపోతే కొరియా వంట కాదనుకునేది బయటివాళ్ళమే.

5. ఉప్పు తన పని చేసుకుంటుంటే అడ్డం పడకండి.

కిమ్చి పాఠంలో కలపడం చివరి గంట పని. దాని ముందు రాత్రంతా ఉప్పుదే. నాపా క్యాబేజీని నిలువుగా చీల్చి, నూటికి పదిపాళ్ళ ఉప్పునీళ్ళలో ముంచి, దళసరిగా ఉండే తెల్ల కాడల మధ్య గళ్ళుప్పు చల్లి వదిలేస్తారు. కాడను వంచితే విరగకుండా వంగాలి, అదే గుర్తు. అప్పుడు రెండు మూడుసార్లు కడిగి, బోర్లించి నీళ్ళు ఓడ్చాలి. ఆ తర్వాతే బంకబియ్యపు గంజిలో మిరప్పొడి, వెల్లుల్లి, అల్లం, ఉప్పులో ఊరిన చిన్న రొయ్యలు, చేపల రసం, ముల్లంగి తురుము కలిపి ఆకాకుకూ పట్టించడం. నేను తొందరపడి కాడ విరుగుతుండగానే కడిగేశాను. మూడోనాటికి జాడీలో మసాలా అడుగున, నీళ్ళు పైన. క్యాబేజీ లోపలి నీరు ఉప్పుతో ముందే బయటికి రావాలి. రాకపోతే మసాలా కలిపాక వస్తుంది.

ఆవకాయ పెట్టిన చెయ్యికి ఇది మింగుడుపడదు. మనం మామిడిముక్కను గుడ్డతో తుడిచి, తడి తగలనివ్వకుండా, నూనె ముంచి, సూక్ష్మజీవి రాకుండా కాపలా కాస్తాం. వాళ్ళు తడిలోనే ఉంచి, గాలిని నొక్కేసి, కావలసిన జీవికి తలుపు తీస్తారు. ఉప్పును తట్టుకునే లాక్టిక్ బ్యాక్టీరియా ఆకులోని చక్కెరను పులుపుగా, గ్యాసుగా మారుస్తుంది. బాగా ఊరిన కిమ్చి నాలుక మీద చురుక్కుమనేది ఆ గ్యాసు వల్లే. అందుకే జాడీని అంచుదాకా నింపరు. మన ఎండలకు ఒక రాత్రి బయట ఉంచితే చాలు, తర్వాత ఫ్రిజ్‌లోకి పోవాలి. చలికాలానికి ముందు ఊళ్ళన్నీ కలిసి కిమ్చి పెట్టుకునే కిమ్‌జాంగ్ ఆచారాన్ని యునెస్కో 2013లో మానవ వారసత్వంగా గుర్తించింది. మేము చేసినప్పుడు ఇరుగుపొరుగు ముసలమ్మలు వచ్చి నా ఆకుల్ని విప్పి చూసి మళ్ళీ పట్టించేవాళ్ళు. వాళ్ళ ముందు నా అనుభవమంతా గాలికే పోయింది.

6. ఏడాది పట్టే పనిని కోర్సు వ్యవధితో కొలవకండి.

నా పశ్చాత్తాపమంతా ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త ఆగి వినండి.

కొరియా వంటకు పునాది మూడు: సోయా సాసు గంజాంగ్, సోయా ముద్ద దెన్‌జాంగ్, మిరప ముద్ద గోచుజాంగ్. మొదటి రెండూ ఒకే జాడీలో పుడతాయి. సోయా గింజల్ని మెత్తగా ఉడికించి, దంచి, ఇటుకల్లా చేస్తారు. దీన్ని మెజు అంటారు. వరిగడ్డితో కట్టి వేలాడదీస్తారు. గడ్డిలోని సూక్ష్మజీవులు, గాలిలోని బూజు దాన్ని పట్టుకుని వారాల తరబడి పనిచేస్తాయి. చలి తగ్గక ముందే, చాంద్రమానపు తొలి నెలలో, కడిగి ఆరబెట్టిన మెజును మట్టిజాడీలో ఉప్పునీళ్ళలో వేస్తారు. నీళ్ళలో ఉప్పు సరిపోయిందా అని చూడటానికి కోడిగుడ్డు వేస్తారు. అది తేలి, 500 వన్‌ల నాణెమంత మేర పైకి కనిపించాలి. మన పదిరూపాయల బిళ్ళ దాదాపు అంతే ఉంటుంది. పైన బొగ్గు, ఎండుమిరప, జుజుబీ పండ్లు వేస్తారు. ఎండ ఉన్న పగలు మూత తీస్తారు, పొద్దుగూకే ముందు మూస్తారు. నలభై నుంచి అరవై రోజులకు వేరుచేస్తారు. నీరు గంజాంగ్, ముద్ద దెన్‌జాంగ్. రెండూ ఇంకా నెలలు, కొన్ని ఇళ్ళలో ఏళ్ళు ఊరుతాయి. ఈ జాంగ్ పెట్టే పద్ధతిని కూడా 2024 డిసెంబరులో యునెస్కో జాబితాలో చేర్చారు.

మా బడి డాబా మీద జాడీల వరస ఉండేది. మెజు నేనూ దంచాను, గుడ్డు నేనూ తేల్చాను. వేరుచేసే రోజుకు ఉండమని గురువుగారు అన్నారు. ఆ రోజుతో పాఠం మొదలవుతుంది అన్నారు, అయిపోతుంది అనలేదు. అప్పటికి నా చేతిలో సర్టిఫికెట్ ఉంది, చెన్నైలో మంచి జీతం ఎదురుచూస్తోంది, ఇంట్లో అప్పుంది. నేనుండలేదు. ఆ జాడీ నేను లేకుండానే విప్పారు. రుచి ఎలా ఉందో అడిగే మొహం కూడా తర్వాత లేకపోయింది.

దాని ఫలితం చాలా ఏళ్ళు అనుభవించాను. కొన్న డబ్బాల్లోంచి దెన్‌జాంగ్ తీసి వండుతూ, అది ఎలా అవుతుందో పిల్లలకు సగం వరకు చూసినట్టు, మిగతా సగం చదివినట్టు చెప్పేవాణ్ణి. ఎవరైనా పిల్లవాడు, వేరుచేసేటప్పుడు ముద్ద ఎంత తడిగా ఉండాలి సార్ అని అడిగితే మాట మార్చేవాణ్ణి. చెన్నైలో ఒకసారి మెజు వేలాడదీశాను. ఆ ఉక్కకు పట్టకూడని రంగు బూజు పట్టింది, పారేశాను. ఇక్కడి వాతావరణానికి ఎలా మలచాలో తెలిసేటంత చదువు నాకు లేదు, ఎందుకంటే అసలు పద్ధతిలోనే చివరిదాకా నిలబడలేదు. బడి ఎంచుకునేటప్పుడు మెరిసే స్టీలు బల్లలు, విదేశీ పేర్లు చూడకండి. డాబా మీద జాడీలున్నాయా, వాటిని విప్పే రోజుకు మిమ్మల్ని ఉంచుతారా, అది అడగండి. అప్పుడు మీ టిక్కెట్టు తేదీ మార్చుకోండి.

7. మీ ఇంటి వంట రాసిపెట్టుకోకుండా పరాయి వంటకు వెళ్ళకండి.

కొరియాను ఏలిన జోసన్ రాజుల వంటశాలలో చిన్నప్పుడే చేరిన హాన్ హీ-సున్ (1889–1972) ఆ భవనపు చివరి వంటకత్తెల్లో ఒకరు. రాజ్యం పోయింది, వంట ఆమె చేతుల్లో మిగిలింది. 1940లలో హ్వాంగ్ హే-సాంగ్ (1920–2006) అనే అధ్యాపకురాలు ఆమె దగ్గర చేరి, నోటిమాటగా ఉన్న ఆ వంటనంతా నేర్చుకుని కాగితం మీద పెట్టింది. 1971లో సియోల్‌లో రాజవంటకు ఒక సంస్థ పెట్టింది. ఆ కాలంలోనే ప్రభుత్వం రాజవంటను సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. 2003 నాటి 'దే జాంగ్ గమ్' సీరియల్లో మీరు నోరూరుతూ చూసిన పళ్ళేల వెనక ఉన్నది హ్వాంగ్ కూతురు హాన్ బోక్-ర్యో. ఒక ముసలమ్మ పక్కన ఒక చదువుకున్న ఆడమనిషి నోటుపుస్తకం పట్టుకుని కూర్చోకపోతే అదంతా ఉండేది కాదు.

ఈ కథ క్లాసులో విన్నరోజు రాత్రి నాకు నిద్రపట్టలేదు. మా నాన్న గాడిపొయ్యి మీద గుమ్మడికాయ దప్పళం కాచేవాడు. బెల్లం ఎప్పుడు వేసేవాడో, చింతపండు పులుసు ఎంత మరిగాక ముక్కలు దించేవాడో నాకు తెలుసనుకున్నాను. చూశాను గానీ రాయలేదు. ఆయన పోయాక ఎన్నోసార్లు కాచాను, ఆ దప్పళం రాలేదు. పరాయి దేశపు పులుసుల కొలతలు గ్రాములతో సహా నా పుస్తకాల్లో ఉన్నాయి, నాన్నది ఒక్కటి లేదు. సియోల్ వెళ్ళే ముందు మీ అమ్మ దగ్గర, అమ్మమ్మ దగ్గర ఒక తూకం పెట్టుకుని కూర్చోండి. వాళ్ళు విసుక్కుంటారు, పర్వాలేదు.

8. పులిసిపోయిందని పారెయ్యకండి.

పెనుకొండలోనో, చెన్నైలోనో మీరు వండిపెట్టే కొరియావాళ్ళు ఇంటికి దూరంగా ఉన్నవాళ్ళు. వాళ్ళకు బొగ్గుల మీద మాంసం కంటే వారమంతా కావలసినవి మామూలు పులుసులు, ఆవిరి మీద ఉడికిన గుడ్డు, అడుగంటిన అన్నంలో నీళ్ళు పోసి కాచిన జావ. బాగా పులిసి ఇక పచ్చిగా తినలేమన్న కిమ్చి ఉంటే ఆ రోజు మీ పంట పండినట్టే. కిమ్చి జిగే అనే పులుసుకు కొత్త కిమ్చి పనికిరాదు. పులిసిన ముక్కల్ని పంది కొవ్వులోనో మామూలు నూనెలోనో ముందు మగ్గించండి. జాడీలో మిగిలిన రసం పొయ్యండి. నీళ్ళకు బదులు బియ్యం రెండోసారి కడిగిన నీళ్ళు పోస్తే పులుసుకు చిక్కదనం వస్తుంది. టోఫు దించే ముందు వెయ్యండి, ముందే వేస్తే చిదురవుతుంది. పులుపు మరీ ఎక్కువైతే చిటికెడు పంచదార చాలు. వెల్లుల్లి మళ్ళీ వెయ్యనవసరం లేదు, కిమ్చిలో ఉన్నది సరిపోతుంది.